పాత టర్బో ఇంజన్‌లో మొబిల్ 1 0డబ్ల్యూ-40: ఎక్కడిదాకా పనికొస్తుంది?

ముందు తీర్పు, తర్వాత కారణాలు. 1990ల్లోనో 2000 తర్వాత తొలి ఏళ్లలోనో వచ్చిన టర్బో పెట్రోల్ ఇంజన్ (మిత్సుబిషి 4జీ63, సుబారు ఈజే20, టొయోటా 3ఎస్-జీటీఈ, ఫోక్స్‌వాగన్ 1.8టీ లాంటిది) ఫ్యాక్టరీ పెట్టిన బూస్ట్‌తోనే (టర్బో లోపలికి గాలిని తోసే ఒత్తిడి) రోజూ రోడ్డు మీద తిరుగుతుంటే, మొబిల్ 1 0డబ్ల్యూ-40 దానికి బాగా సరిపోయే ఆయిల్. బూస్ట్ పెంచి, పెద్ద ఇంజెక్టర్లు వేసి, ట్రాక్ మీద ఉడికించే బండికి మాత్రం ఇది చాలదు. దానికి 50 గ్రేడ్ కావాలి. డబ్బా ముందువైపు పెద్ద అక్షరాల్లో ఉండే ఫుల్ సింథటిక్, అడ్వాన్స్‌డ్ లాంటి మాటల్లో ఈ తేడా కనపడదు. డబ్బా వెనక చిన్న అక్షరాల్లోనూ, కంపెనీ ఇచ్చే డేటాషీట్‌లోనూ కనపడుతుంది. ఆ కాగితం చదవడం వస్తే ఈ ఆయిల్ ఒక్కటే కాదు, షాపులో ఉన్న ప్రతి డబ్బానీ మీరే తూకం వేసుకోవచ్చు.

పాత ఇంజన్ల వాళ్లని ముందుగా భయపెట్టేది ఆ సున్నా. 'జీరో అంటే నీళ్లలా ఉంటుంది, అరిగిన బేరింగుల్లో నిలవదు' అనేస్తారు. డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎలా ప్రవర్తిస్తుందో చెప్పేది మాత్రమే. వేడెక్కాక దాని ప్రసక్తి లేదు. గది వేడిమి 20 డిగ్రీలు అనుకుని లెక్క వేస్తే మామూలు 0డబ్ల్యూ-40 చిక్కదనం సుమారు 180 సెంటీస్టోక్స్ (చిక్కదనానికి కొలత) వస్తుంది. 15డబ్ల్యూ-50ది 350 దాకా ఉంటుంది. ఇంజన్ కోరుకునేది 100 డిగ్రీల దగ్గర 13 మాత్రమే. అంటే స్టార్ట్ చేసిన క్షణంలో ఏ ఆయిలూ పలుచన కాదు, అన్నీ ఉండాల్సిన దానికంటే పది రెట్లకు పైగా చిక్కనే. అందులో తక్కువ చిక్కగా ఉన్నది టర్బో దాకా ముందు చేరుతుంది. చల్లటి చిక్కటి ఆయిల్ ఫిల్టర్ కాగితంలోంచి దూరలేక బైపాస్ వాల్వ్ తెరుచుకుంటుంది. అప్పుడు వడపోత లేకుండానే ఆయిల్ బేరింగుల్లోకి పోతుంది. 20డబ్ల్యూ-50 పోసి ఉదయం స్టార్ట్ చేయగానే రేస్ ఇచ్చే అలవాటున్న బండ్లలో టర్బోలు తొందరగా పోవడానికి ఇదొక కారణం.

రెండో అంకె, 40, అసలు పని చూపేది. 100 డిగ్రీల దగ్గర 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్స్ లోపు ఉంటే అది 40 గ్రేడ్. ఇంత వెడల్పు గీత లోపల ఏ ఆయిల్ ఎక్కడ నిలబడిందన్నది డబ్బా చెప్పదు. మొబిల్ 1 0డబ్ల్యూ-40 డేటాషీట్లలో ఈ అంకె 13 చుట్టుపక్కల ఉంటుంది. గీతకి కింది అంచున అన్నమాట. మార్కెట్టుని బట్టీ తయారైన కాలాన్ని బట్టీ కొంచెం అటూ ఇటూ మారుతుంది కాబట్టి మీ చేతిలో ఉన్న డబ్బాకి సంబంధించిన కాగితమే చూడండి. ఈ కింది అంచు సంగతి గుర్తుపెట్టుకోండి, దీనితో ఇంకా పనుంది.

అంతకంటే ముఖ్యమైన అంకె హెచ్‌టీహెచ్‌ఎస్. ఆయిల్‌ని 150 డిగ్రీలకి వేడి చేసి, బేరింగ్ సందులో నలిగినంత గట్టిగా నలిపి, అప్పుడు మిగిలిన చిక్కదనాన్ని సెంటీపాయిజ్‌లో కొలుస్తారు. మామూలు చిక్కదనం పరీక్షలో ఆయిల్ తన బరువుతో తాను సన్నటి గొట్టంలోంచి జారుతుంది, దాన్ని ఎవరూ నలపరు. క్రాంక్ బేరింగులో అలా కాదు. వెంట్రుక కంటే సన్నని సందులో షాఫ్ట్ గిర్రున తిరుగుతూ ఆయిల్‌ని లాక్కుపోతుంది. చిక్కదనం కోసం కలిపిన పొడవాటి పాలిమర్ గొలుసులు ఆ లాగుడికి సాగి ఒకే దిక్కుకి వరుసకడతాయి, ఆయిల్ అక్కడికక్కడే పలచబడుతుంది. అందుకే 100 డిగ్రీల దగ్గర ఒకేలా కనపడే రెండు 40లు బేరింగులో ఒకేలా ఉండవు. 0డబ్ల్యూ-40కి గ్రేడ్లు నిర్ణయించే ఎస్‌ఏఈ సంస్థ పెట్టిన కనీస హద్దు 3.5. మొబిల్‌ది 3.6 నుంచి 3.8 మధ్య. ఇంధనం ఆదా చేస్తుందని అమ్మే ఏ5/బీ5 (యూరప్ కార్ల కంపెనీల సంఘం ఏసీఈఏ ఇచ్చే గుర్తు) తరహా 30 గ్రేడ్లు 2.9 నుంచి 3.5 లోపే. పాత టర్బో ఇంజన్‌కి 3.5 కంటే తక్కువది పోయొద్దన్నది ఈ సమీక్షలో బేరం లేని మాట. 0డబ్ల్యూ-20 గురించి అడగనే అక్కర్లేదు.

డబ్బా వెనక వెతకాల్సింది ఏసీఈఏ ఏ3/బీ4 అన్న గుర్తు. అది ఉంటే హెచ్‌టీహెచ్‌ఎస్ 3.5 పైనే ఉన్నట్టు, వేడికి ఆవిరైపోయే భాగం 13 శాతం దాటనట్టు. టర్బోకి ఈ రెండో సంగతి ప్రాణం. ఘాట్ ఎక్కి వచ్చి ఇంజన్ ఆపేస్తే ఆయిల్ ప్రవాహం ఆగిపోతుంది, ఎగ్జాస్ట్ వైపున్న ఎర్రటి వేడి మాత్రం షాఫ్ట్ వెంట నెమ్మదిగా బేరింగుల్లోకి పాకుతుంది. అక్కడ నిలిచిన చెంచాడు ఆయిల్ మరిగి, తేలికభాగం ఆవిరైపోయి, మిగిలింది బొగ్గు కడుతుంది. నీళ్లతో చల్లబడే టర్బోల్లో ఈ బాధ తక్కువ. ఆయిల్ మీదే ఆధారపడే పాత టర్బోల్లో ఎక్కువ. ఈ ఆయిల్‌కి పోర్షే ఏ40, మెర్సిడెస్ 229.5 ఆమోదాలున్నాయి, నిస్సాన్ తన ఆర్35 జీటీ-ఆర్‌కి దీన్నే సిఫారసు చేసింది. ఆ ఇంజన్లు చల్లగా తిరిగేవేం కాదు. ఆమోదం అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగాలి. 'ఏ40 ఆమోదం పొందింది' అంటే కార్ల కంపెనీ పరీక్ష నెగ్గినట్టు. 'ఏ40 అవసరాలకు తగినది' అంటే ఆయిల్ కంపెనీ తన మాట తాను చెప్పుకున్నట్టు. రెండో రకం వాక్యాలు రాయడానికి ఖర్చేమీ కాదు.

అమెరికా పెట్రోలియం సంస్థ ఏపీఐ ఇచ్చే అక్షరాల విషయంలో జనం మరోలా పొరబడతారు. కొత్త అక్షరం వస్తే పాతదానికంటే అన్నిట్లో మేలనుకుంటారు. 2018లో ఎస్‌ఎన్ ప్లస్, 2020లో ఎస్‌పీ ముఖ్యంగా తెచ్చింది ఏమిటంటే, సిలిండర్లోకి నేరుగా పెట్రోల్ చిమ్మే చిన్న టర్బో ఇంజన్లలో తక్కువ వేగంలో ముందే మంటుకునే జబ్బుకి మందు. పోర్ట్ ఇంజెక్షన్ ఉన్న పాత ఇంజన్‌కి ఆ జబ్బే లేదు. క్యాటలిటిక్ కన్వర్టర్ పాడవకూడదని 30, అంతకంటే పలుచని గ్రేడ్లలో ఫాస్ఫరస్‌ని 800 పీపీఎం దగ్గర కట్టేశారు. ఫాస్ఫరస్ అంటే జడ్‌డీడీపీ, అంటే క్యామ్ (వాల్వులని తెరిచే షాఫ్ట్) అరగకుండా కాపాడే పూత. 40 గ్రేడ్లకి ఆ పైహద్దు వర్తించదు, మొబిల్ 0డబ్ల్యూ-40లో సుమారు 1000 పీపీఎం ఉంటుంది. 4జీ63లో క్యామ్ మీద రోలర్లు దొర్లుతాయి కాబట్టి అది ఇంకా తక్కువతో కూడా బతుకుతుంది. వోల్వో పాత ఎర్రబ్లాక్ ఇంజన్లలోలా క్యామ్ నేరుగా టాపెట్ మీద రాసుకునే చోట ఈ 1000 నిజంగా అక్కరకొస్తుంది.

ఇప్పుడు లోపాలు. సున్నా నుంచి 40 దాకా సాగదీసిన ఆయిల్‌లో పాలిమర్ ఎక్కువ పడుతుంది. వాడేకొద్దీ ఆ గొలుసులు తెగుతాయి, చిక్కదనం పడిపోతుంది. దానికి తోడు పెట్రోల్. పాత ఇంజన్లు బూస్ట్‌లో పిస్టన్లు కరగకుండా గాలి మిశ్రమంలో పెట్రోల్ బాగా ఎక్కువ పెట్టుకుంటాయి. ట్యూన్ చేసినవి ఇంకా ఎక్కువ. కాలని పెట్రోల్ సిలిండర్ గోడ వెంట రింగులు దాటి కిందికి దిగి ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ తీసి వేళ్ల మధ్య రుద్ది చూడండి. పెట్రోల్ వాసన ముక్కుకి తగిలితే, మట్టం తగ్గాల్సింది పోయి కొద్దిగా పెరిగినట్టు అనిపిస్తే, జరుగుతున్నది ఇదే. ఇక్కడే ఆ కింది అంచు సంగతి పనికొస్తుంది. 13 దగ్గర మొదలైన ఆయిల్ 12.5 కిందికి దిగడానికి ఎంతో దూరం లేదు. అర సెంటీస్టోక్ పోగానే మీరు పోసింది 40, లోపల ఉన్నది 30. అదే ఏ3/బీ4 గుర్తున్న 5డబ్ల్యూ-40ల్లో కొన్ని 14 పైన మొదలవుతాయి. సున్నాతో పనిలేనంత వెచ్చగా ఉండే చోట, బూస్ట్ కొంచెం పెంచుకున్న ఇంజన్‌కి, అలాంటి 5డబ్ల్యూ-40 దీనికంటే ఒక మెట్టు పైనే అని చెప్పాలి.

వేడి పెరిగితే 40 అన్న అంకెకే అర్థం మారిపోతుంది. 40 డిగ్రీల దగ్గర 80, 100 దగ్గర 13.5 ఉన్న ఆయిల్‌ని తీసుకుని లెక్క కడితే 110 డిగ్రీలకి 11, 120కి 9 చిల్లర, 130కి 7.7 సెంటీస్టోక్స్ మిగులుతాయి. మంచి 15డబ్ల్యూ-50 అదే 120 డిగ్రీలకి 11.4 దగ్గర, 130కి 9.4 దగ్గర ఉంటుంది. అంటే ఆయిల్ 110లో ఉన్నప్పుడు 40 చేసే పనిని, 120లో 50 చేస్తుంది. గ్రేడ్ ఎంచుకోవడానికి ఇంతకంటే సూటి దారి లేదు: ఆయిల్ టెంపరేచర్ గేజ్ పెట్టి, మీరు నడిపే తీరులో అది ఎక్కడ నిలుస్తుందో చూడండి. నీళ్ల గేజ్ దీనికి పనికిరాదు, అది థర్మోస్టాట్ చెప్పినట్టు 90 దగ్గర కదలకుండా కూర్చుంటుంది. ఆయిల్ 100–110 మధ్యే తిరుగుతుంటే 0డబ్ల్యూ-40 వదలాల్సిన పనిలేదు. ఎప్పుడూ 120 దాటుతుంటే ముందు ఆయిల్ కూలర్ గురించి ఆలోచించండి, ఆ తర్వాత 50.

50 వైపు వెళ్తే అదే కంపెనీ 15డబ్ల్యూ-50 గట్టి సరుకు. హెచ్‌టీహెచ్‌ఎస్ 4.5 దరిదాపుల్లో, డేటాషీట్ ప్రకారం ఫాస్ఫరస్ 1200, జింక్ 1300 పీపీఎం. రేసు రోజుల కోసం ఉంచుకున్న బండికి, రోలర్లు లేకుండా క్యామ్ నేరుగా రాసుకునే ఇంజన్‌కి, దీన్ని ధైర్యంగా పోయొచ్చు. దానికి చెల్లించాల్సిన మూల్యం చలిలో నిదానం. వాల్వుల సందుని ఆయిల్ ఒత్తిడితో సరిచేసే హైడ్రాలిక్ లాష్ అడ్జస్టర్ల సన్నటి రంధ్రాల్లోకి అది ఆలస్యంగా దూరుతుంది. 4జీ63లో ఆ అడ్జస్టర్ల టిక్ టిక్ చప్పుడు అప్పుడు ఎక్కువసేపు వినిపిస్తుంది. ఆయిల్ ఒత్తిడితో క్యామ్ టైమింగ్ మార్చే వ్యవస్థ ఉన్న ఇంజన్లలో స్పందన మందగిస్తుంది. చలి ఎక్కువ ఉండే కాలంలో రోజూ వాడే బండిలో ఇది దండగ.

మోటుల్ 300వీ గురించి అందరూ అడుగుతారు. ఎస్టర్ పునాది మీద కట్టిన రేస్ ఆయిల్, లోహాన్ని అంటిపెట్టుకుంటుంది, వేడికి లొంగదు. ఏపీఐ, ఏసీఈఏ గుర్తులతో దానికి పనిలేదు, ఎందుకంటే అది నెలల తరబడి చాంబర్‌లో (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) పడి ఉండటానికి చేసింది కాదు. తరచూ మార్చే ఓపిక ఉంటేనే. డీజిల్ లారీల 15డబ్ల్యూ-40ని పాత టర్బోల్లో పోసే అలవాటు ఒకటి ఉంది, అందులో మరీ తప్పేం లేదు: ఆ గ్రేడ్‌కి హెచ్‌టీహెచ్‌ఎస్ కనీసం 3.7, కడిగే మందు పుష్కలం. డబ్బా మీద డీజిల్ 'సీ' అక్షరంతో పాటు పెట్రోల్ 'ఎస్' అక్షరం కూడా ఉన్నదే తీసుకోండి. ఏసీఈఏ సీ3 రకం ఆయిళ్లలో బూడిద (ఆయిల్ కాలాక మిగిలేది) 0.8 శాతం లోపు ఉంచుతారు, ఏ3/బీ4లో 1.0 నుంచి 1.6 దాకా. ఆ తగ్గించడం కొత్త బండ్ల పార్టిక్యులేట్ ఫిల్టర్ కోసం. పాత ఇంజన్లో ఆ ఫిల్టరే లేదు, బూడిద మిగిల్చే మందులే ఇచ్చే యాసిడ్‌ని కొట్టే బలం ఎందుకు వదులుకోవాలి?

కొన్నేళ్లుగా మినరల్ ఆయిల్ తాగిన ఇంజన్‌కి ఇది మొదటిసారి పోసేటప్పుడు చేసే పొరపాట్లే ఈ ఆయిల్‌కి చెడ్డపేరు తెస్తున్నాయి. దీనిలోని కడిగే మందు గట్టిది. గోడలకి పేరుకున్న మడ్డిని కొద్దికొద్దిగా కాకుండా పెళ్లలుగా ఊడదీస్తే అది పోయి ఆయిల్ పంప్ పీల్చే చోట ఉండే పికప్ జల్లెడకి అడ్డం పడుతుంది. ఫోక్స్‌వాగన్ 1.8టీని కారు పొడవు వెంట అమర్చిన పాసాట్లలో చాంబర్ చిన్నది, మడ్డి జబ్బు పేరుమోసింది. అలాంటి ఇంజన్లో ముందు చాంబర్ దించి జల్లెడ కడగకుండా కొత్త ఆయిల్ పోస్తే మొదటికే మోసం వస్తుంది. ఆయిల్ మూత తీసి టార్చి వేసి చూడండి. లోపల తేనెరంగు మెరుపు ఉంటే ధైర్యంగా మార్చండి. నల్లటి పెరుగులాంటి పొర ఉంటే చాంబర్ దించాల్సిందే.

మార్చే రోజు ఇంజన్ బాగా వేడెక్కాక ప్లగ్ తీసి, ధార ఆగి చుక్కలు పడేదాకా పావుగంట వదిలేయండి. ప్లగ్‌కి కొత్త వాషర్. ఫిల్టర్ రబ్బరుకి కొత్త ఆయిల్ వేలితో రాసి, రబ్బరు తగిలాక చేత్తో ముప్పావు చుట్టు, అంతే. రెంచీతో బిగిస్తే వచ్చేసారి ఏడుస్తారు. ఫిల్టర్ లోపల ఆయిల్ వెనక్కి జారకుండా ఆపే రబ్బరు వాల్వ్ ఉన్నది కొనండి. అది లేకపోతే ప్రతి ఉదయం ఫిల్టర్ ఖాళీ, టర్బో ఎండు.

పని అక్కడితో ఆపకుండా టర్బోకి ఆయిల్ తెచ్చే గొట్టం బ్యాంజో బోల్టు (లోపల ఆయిల్ దారి ఉన్న బోల్టు) విప్పండి. ఈజే ఇంజన్లు కొన్నింట్లో ఈ దారిలో బోల్టు కడుపులో గోరంత జల్లెడ ఉంటుంది. వెలుతురుకి పెట్టి చూస్తే అవతలి వైపు కనపడాలి. నల్లటి రవ్వ పేరుకుని కన్ను మూసుకుపోయి ఉంటే, మీరు ఎంత ఖరీదైన ఆయిల్ పోసినా టర్బోకి చేరేది చుక్కలే. ఆ అడ్డు గేజ్‌లో కనపడదు, ఎందుకంటే గేజ్ ప్రెషర్ కొలిచేది వేరే చోట. శుభ్రం చేయండి లేదా కొత్తది వేయండి, రెండు వైపులా రాగి వాషర్లు మార్చండి.

పోసేటప్పుడు మాన్యువల్ చెప్పిన కొలతకి అర లీటరు తక్కువ పోయండి. ఫ్యూయల్ పంప్ ఫ్యూజ్ పీకి, ఆయిల్ లైటు ఆరేదాకా స్టార్టర్‌ని పది సెకన్లకి మించకుండా రెండు మూడు సార్లు తిప్పండి. టర్బో గొట్టం విప్పిన రోజు ఇది తప్పనిసరి. ఫ్యూజ్ పెట్టి స్టార్ట్ చేసి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి, ఆపి, పది నిమిషాలాగి స్టిక్ చూసి మిగతాది పోయండి. పై గీత దాటొద్దు. చాంబర్‌లో మట్టం ఎక్కువైతే టర్బో నుంచి ఆయిల్ దిగే గొట్టం నోరు మునుగుతుంది. ఆ గొట్టంలో ఆయిల్ దిగేది కేవలం తన బరువుతోనే, దానికి తోసే ఒత్తిడి ఉండదు. దిగలేని ఆయిల్ షాఫ్ట్ పక్కనుంచి ఎగ్జాస్ట్‌లోకి దారి చూసుకుంటుంది, నీలం పొగ వస్తుంది.

ఆ నీలం పొగ చూసి 'సింథటిక్ పోశాక టర్బో సీళ్లు పోయాయి' అని తిట్టే వాళ్లలో చాలామంది చాంబర్‌లోని గాలిని బయటికి పంపే పీసీవీ వాల్వ్ ముట్టుకోరు. అది మూసుకుపోతే చాంబర్‌లో గాలి ఒత్తిడి పెరిగి టర్బో డ్రెయిన్‌ని కిందినుంచి ఎదురు తోస్తుంది. ఐడిల్‌లో ఆయిల్ మూత వదులు చేయండి: మూత టపటప ఎగిరిపడుతూ ఆవిరి తన్నుకొస్తుంటే మార్చాల్సింది ఆయిల్ కాదు. నిజంగా రబ్బరు సీళ్లు గట్టిపడి పగుళ్లిచ్చి ఉంటే మాత్రం, మడ్డి ఇన్నాళ్లూ మూసి ఉంచిన పగుళ్లని ఈ ఆయిల్ బయటపెడుతుంది. కారణం సీలు వయసు.

20డబ్ల్యూ-50 నుంచి దీనికి మారినప్పుడు వేడిమీద ఐడిల్ ప్రెషర్ తగ్గి కనపడుతుంది, చాలామంది కంగారుపడి మళ్లీ పాతదే పోస్తారు. ప్రెషర్ ఎక్కువంటే ఆయిల్ ఎక్కువ పారుతోందని కాదు, దూరడానికి ఇబ్బంది పడుతోందని కూడా కావచ్చు. మాన్యువల్‌లో ఇచ్చిన కనీస హద్దు చూడండి. రేస్ ఇస్తే వెయ్యి ఆర్‌పీఎంకి సుమారు 0.7 బార్ చొప్పున ఎక్కుతుంటే నిశ్చింతగా ఉండొచ్చు. హద్దు కిందికి దిగిందంటే బేరింగులు అరిగినట్టు, చిక్కటి ఆయిల్ ఆ సంగతిని దాచిపెట్టింది.

మొదటి దఫా 1500 నుంచి 2000 కిలోమీటర్లకే దించేయండి. ఫిల్టర్ కోసి, కాగితం మడతలు విప్పి, గుడ్డమీద పరిచి చూడండి. నల్లగా పెళుసుగా ఉన్నవి బొగ్గు పెళ్లలు, వేళ్లతో నలిపితే పొడవుతాయి, అవి ఊడివస్తున్నాయంటే మంచిదే. రాగిరంగు మెరుపు బేరింగులది. అయస్కాంతానికి అంటుకునేది ఇనుము, అంటుకోని వెండి తళుకు అల్యూమినియం. ఆ తర్వాత నుంచి 5,000 కిలోమీటర్లు లేదా ఆరు నెలలు, ఏది ముందైతే అది. డబ్బా మీద రాసిన 15,000, 20,000 మాటలు కొత్త ఇంజన్లవి. ఖరీదైన ఆయిల్‌ని పదిహేను వేలు ఈడ్చడం కంటే ఒక మాదిరి ఏ3/బీ4ని ఐదు వేలకి మార్చడమే పాత టర్బోకి మేలు.

ఒక్కసారైనా 5,000 దగ్గర దించిన ఆయిల్‌ని ల్యాబ్‌కి పంపండి. వేడి ఆయిల్ దించేటప్పుడు మొదటి ధార పోనిచ్చి, మధ్యలో శుభ్రమైన సీసాలో పట్టాలి. రిపోర్టులో 100 డిగ్రీల చిక్కదనం 12.5 పైనే నిలబడి ఉంటే ఈ 0డబ్ల్యూ-40 మీ ఇంజన్‌కి సరిపోయినట్టే. 11.5కి పడి, పెట్రోల్ జాడ పెద్దగా లేకపోతే పాలిమర్ తెగింది, 14 పైన మొదలయ్యే 5డబ్ల్యూ-40కి మారండి. పెట్రోల్ 2 శాతం దాటి కనపడితే గ్రేడ్ జోలికి వెళ్లకుండా కారుతున్న ఇంజెక్టర్‌ని వెతకండి. సోడియం, పొటాషియం కనపడితే కూలెంట్ లోపలికి వస్తోంది, హెడ్ గ్యాస్కెట్ చూడాలి.